రెండు నిమిషాల పని, రెండు రోజుల జాగ్రత్త

సర్వర్‌లో పాడైన మెమరీ స్టిక్‌ను మార్చడం చూడటానికి తేలికే. కానీ సంస్థ లెక్కలన్నీ దాచుకున్న యంత్రంలో అసలు పనంతా మూత తీయక ముందు, మూత వేశాకే ఉంటుంది

పేరులో గనులున్నా జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్‌లో గనులేమీ కనిపించవు. కనిపించేవల్లా లారీలు, గోదాములు, రైలు పట్టాలు. టాటా ఉక్కు కర్మాగారం, టాటానగర్ స్టేషన్ పక్కపక్కనే ఉంటాయి. 1912లో ఈ కర్మాగారం తొలి ఉక్కు దిమ్మెను పోత పోసింది. ఆ ఉక్కును నమ్ముకుని శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. ఉక్కు చుట్టూ అల్లుకున్న వ్యాపారం పాతదే కానీ దాని లెక్కల తీరు మారిపోయింది. లారీ చిట్టాలు, వేబ్రిడ్జి తూకాలు, డ్రైవర్ల బత్తాలు ఒకప్పుడు అట్టబైండు పుస్తకాల్లో ఉండేవి. ఇప్పుడవి ఏసీ కింద నిలబెట్టిన ఓ నల్ల పెట్టెలో ఉంటున్నాయి. దాని పేరు స్టోరేజ్ సర్వర్.

అలాంటి పెట్టె ఉన్న ఓ రవాణా సంస్థ ఆఫీసును ఊహించుకోండి. పదేళ్ల బిల్లులు, పన్ను రిటర్నులు, జీతాల పట్టికలు అందులోనే ఉన్నాయి. ఓ సోమవారం ఉదయం పెట్టె ముందు ఎప్పుడూ పచ్చగా వెలిగే లైటు కాషాయ రంగులోకి మారుతుంది. మెమరీలో సరిదిద్దదగిన తప్పులు పరిమితి దాటాయని, ఫలానా స్లాట్‌లోని స్టిక్‌ను చూడమని తెర మీద సందేశం కనిపిస్తుంది. పని మాత్రం ఆగదు. బిల్లులు వస్తూనే ఉంటాయి. అప్పుడు యజమానికి రెండు ఆలోచనలు తడతాయి. నడుస్తోంది కదా, వదిలేద్దామన్నది మొదటిది. సాక్చి బజారు నుంచి ఓ స్టిక్ తెప్పించి భోజన విరామంలో మార్చేద్దామన్నది రెండోది. రెండూ ప్రమాదకరమే. ఎందుకో తెలియాలంటే ఆ లైటు ఏం చెబుతోందో ముందు అర్థం చేసుకోవాలి.

చిట్టా పుస్తకపు లెక్క

ర్యామ్ చిప్పులో ప్రతి అంకె, అంటే ఒక ‘0’ గానీ ‘1’ గానీ, అతి చిన్న విద్యుత్ నిల్వగా ఉంటుంది. ఐబీఎం ఇంజనీర్ రాబర్ట్ డెనార్డ్‌కు 1968లో పేటెంట్ తెచ్చిన ఈ పద్ధతే నేటికీ నడుస్తోంది. ఆ నిల్వ కారిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి గడినీ సెకనుకు కనీసం పదిహేను సార్లు తిరిగి నింపాలి. చిప్పు పాతబడినా, కాంటాక్ట్ సరిగా ఆనకపోయినా, అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల తాకిడికైనా ఒక్కోసారి ‘0’ కాస్తా ‘1’ అయిపోతుంది. చిప్పును కప్పిన పదార్థంలోనే అతి స్వల్పంగా ఉన్న రేడియోధార్మిక మలినాల వల్ల కూడా అంకెలు తారుమారవుతున్నాయని ఇంటెల్ శాస్త్రవేత్తలు 1978లోనే తేల్చారు.

ఇంట్లో వాడే కంప్యూటర్‌లో ఇలాంటి తప్పు జరిగితే పట్టుకునేవారు ఉండరు. సర్వర్లలో వాడే మెమరీ వేరు. అందులో తప్పును పట్టి సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఈసీసీ అంటారు. గుమాస్తా పట్టికలో అడ్డం మొత్తం, నిలువు మొత్తం రెండూ వేసుకుంటాడు. ఒక్క అంకె తప్పుపడితే ఒక అడ్డ వరుసలోనూ ఒక నిలువు వరుసలోనూ మొత్తం కుదరదు. ఆ రెండూ కలిసే చోటే తప్పు ఉన్నట్టు. ఈసీసీ వెనుక ఉన్న ఆలోచన ఇంచుమించు ఇదే. బెల్ ల్యాబ్స్ గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో దీనికి సూత్రం కట్టారు. చాలాకాలంగా వాడుకలో ఉన్న స్టిక్‌లలో ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు కాపలాకే కేటాయించారు. ఒక బిట్ తప్పితే సరిదిద్దుతుంది. రెండు తప్పితే సరిదిద్దలేదు కానీ తప్పు జరిగిందని చెబుతుంది. అప్పుడు చాలా సర్వర్లు తప్పుడు లెక్కతో నడవడం కంటే ఆగిపోవడమే మేలని ఆగిపోతాయి.

కాషాయ లైటు అర్థం అదే. కాపలాదారు ఒకే చోట పదే పదే దొంగను పట్టుకుంటున్నాడు. ఇప్పటివరకు ఏమీ పోలేదు. కానీ ఒకేసారి ఇద్దరు వస్తే ఆపలేడు.

ఇలాంటివి అరుదనుకునే రోజులు 2009తో పోయాయి. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్ ఇద్దరు గూగుల్ ఇంజనీర్లతో కలిసి ఆ సంస్థ సర్వర్లలో రెండున్నరేళ్ల పాటు పోగైన రికార్డులను పరిశీలించారు. ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్‌లలో కనీసం ఒక తప్పు నమోదైనట్టు తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఒకసారి తప్పు చేసిన స్టిక్ మళ్లీ తప్పు చేసే అవకాశం, సరిదిద్దలేని తప్పు చేసే అవకాశం మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే చాలా తప్పులు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు, స్టిక్‌లోనే ఉన్న లోపానివి. నడుస్తోంది కదా అని వదిలేయకూడదనడానికి ఇదే ఆధారం.

చప్పుడు చేయని తప్పు

కాపలా లేని చోట ఏం జరగొచ్చో బెల్జియంలో 2003 మేలో జరిగిన ఎన్నికలు చూపాయి. బ్రసెల్స్ శివారు షార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. తిరిగి లెక్కిస్తే 4,096 ఓట్లు ఎక్కువ పడినట్టు తేలింది. రెండును పన్నెండు సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య సరిగ్గా అదే. కంప్యూటర్ మెమరీలో ఒకే ఒక్క బిట్ ‘0’ నుంచి ‘1’కి మారితే వచ్చే తేడా అది. కారణం కచ్చితంగా రుజువు కాకపోయినా బిట్ తారుమారే అయి ఉంటుందన్నది అధికారులు ఇచ్చుకున్న వివరణ. అక్కడ సంఖ్య అసాధ్యంగా కనిపించింది కాబట్టి దొరికిపోయింది. అదే తేడా ఓ లారీ తూకంలోనో ఓ కార్మికుడి భవిష్య నిధి ఖాతాలోనో వస్తే ఎవరు పట్టుకుంటారు?

స్టోరేజ్ సర్వర్‌లో ఈ సమస్య మరింత తీవ్రం. డిస్క్ మీదకు వెళ్లే ప్రతి అక్షరం ముందు మెమరీలో కాసేపు ఆగుతుంది. అక్కడే చెడిపోతే చెడిన అక్షరమే డిస్క్ మీదకు వెళుతుంది. ఒక డిస్క్ పోయినా మరొకటి ఆదుకునేలా ఎన్ని ప్రతులు పెట్టుకున్నా లాభం లేదు, అన్ని ప్రతుల్లోనూ అదే తప్పు ఉంటుంది. రాత్రి తీసే బ్యాకప్‌లోకీ అదే చేరుతుంది. డిస్క్ తప్పులను పట్టడంలో దిట్టగా పేరున్న జెడ్ఎఫ్ఎస్ ఫైల్ వ్యవస్థను అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో పరీక్షించారు. డిస్క్ లోపాలను అది చక్కగా తట్టుకుంది. మెమరీ లోపాల దగ్గర మాత్రం తడబడింది. చెడిన సమాచారానికే సరైనదన్న ముద్ర వేసి డిస్క్ మీదకు పంపే సందర్భాలు ఉన్నాయని వారు చూపారు. తప్పుడు తూకానికి అసలైన సీలు వేసినట్టన్న మాట.

లండన్ నేర్పిన పాఠం

సరే, మార్చాల్సిందే. అయితే భోజన విరామంలో మార్చేస్తే తప్పేమిటి? దీనికి జవాబు లండన్‌లోని కింగ్స్ కాలేజీలో ఉంది. 2016 అక్టోబరు 17న అక్కడి ప్రధాన స్టోరేజ్ వ్యవస్థలో ఓ భాగం పాడైంది. నాలుగు కంట్రోలర్లున్న వ్యవస్థ అది. ఒకటి ఆగితే మిగతావి భారం మోయాలి. మోశాయి కూడా. కంపెనీ ఇంజనీర్ వచ్చి పాడైన భాగం తీసి కొత్తది పెట్టారు. మామూలుగా అయితే ఎవరికీ తెలియకుండా ముగిసిపోవాల్సిన పని. కానీ ఆ వెంటనే వ్యవస్థ మొత్తం కుప్పకూలింది. లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఓ లోపం కారణమని తర్వాత తేలింది. దాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ అప్పటికే ఉన్నా అక్కడ ఎక్కించలేదు. అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి. ఉమ్మడి ఫోల్డర్లలో కొన్నింటికి టేపుల మీద బ్యాకప్ పూర్తిగా లేదు. సేవలు తిరిగి గాడిన పడటానికి వారాలు పట్టింది. కొంత సమాచారం తిరిగి రానే లేదు.

అక్కడ మార్చింది మెమరీ స్టిక్ కాకపోవచ్చు, పాఠం మాత్రం ఒకటే. విడిభాగం మార్చిన చెయ్యి తప్పు చేయలేదు. ఆ చెయ్యి పడక ముందు జరగాల్సిన పనులు జరగలేదు.

మూత తీయక ముందు

మొదటి పని బ్యాకప్. అయితే బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. అందులోంచి నాలుగు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లోకి తీసి తెరిచి చూస్తేనే అది ఉన్నట్టు లెక్క. మెమరీ తప్పుల విషయంలో మరో మెలిక ఉంది. నిన్నటి బ్యాకప్‌లో అప్పటికే చెడిన సమాచారం ఉండొచ్చు. అందుకే హెచ్చరిక రాక ముందు నాటి ప్రతిని కూడా చెరపకుండా పక్కన పెట్టాలి. కొత్తదాన్ని పాతదాని మీద రాసే అలవాటున్న చోట్ల ఆ అలవాటును కొన్నాళ్లు ఆపాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్ డిస్క్‌లలో కొన్ని ఒకసారి ఆపితే మళ్లీ లేవవు. మెమరీ మార్చడానికి ఆపిన సర్వర్ డిస్క్ పోగొట్టుకుని లేవడం ఈ రంగంలో కొత్త సంగతి కాదు. అందుకే ఆపే ముందు డిస్క్‌లన్నీ ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. అప్పటికే ఒక డిస్క్ చెడి ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి.

రెండోది దొంగ ఎవరో తేల్చుకోవడం. సందేశంలో స్లాట్ పేరు ఉంటుంది. మదర్‌బోర్డు మీద, మూత లోపలి పటం మీద అదే పేరు అచ్చయి ఉంటుంది. ఒక ప్రాసెసర్‌కు ఒక పక్క, రెండో ప్రాసెసర్‌కు మరో పక్క వరుసలు తీరిన స్లాట్లలో పొరబాటుకు చోటు ఎక్కువ. అంతేకాదు, తప్పు స్టిక్‌దే కానక్కర్లేదు. స్లాట్‌ది కావచ్చు, ప్రాసెసర్ కింది పిన్నులది కావచ్చు. అందుకే అనుభవజ్ఞులు అనుమానిత స్టిక్‌ను మరో స్లాట్‌లోకి మార్చి చూస్తారు. తప్పు దాని వెంటే వెళితే దోషి స్టిక్. పాత స్లాట్‌లోనే ఉండిపోతే స్టిక్ నిర్దోషి. ఈ చిన్న పరీక్ష చేయకపోతే కొత్త స్టిక్ కొన్నాక కూడా కాషాయ లైటు వెలుగుతూనే ఉండొచ్చు.

ఒకే అలమారలో ఒకే రకం పెట్టెలు నాలుగుంటే ఏ పెట్టె తెరవాలన్నదీ ప్రశ్నే. చాలా సర్వర్లలో దూరం నుంచే వెలిగించగల గుర్తింపు లైటు ఉంటుంది. దాన్ని వెలిగించి, వెలిగిన పెట్టె మీదే చెయ్యి వేయాలి. తప్పు యంత్రం మీద చెయ్యి పడితే ఏమవుతుందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థకు తెలిసొచ్చింది. అలసిన ఓ ఇంజనీర్ ఒక సర్వర్‌లో చెరపాల్సిన డేటాను పొరబాటున అసలు సర్వర్‌లో చెరిపేశారు. ఉన్నాయనుకున్న బ్యాకప్ మార్గాలు ఒకదాని వెంట ఒకటి పనిచేయలేదు. దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది.

మూడోది ఆపే వరస. వేగం కోసం స్టోరేజ్ సర్వర్ తన దగ్గరకు వచ్చిన సమాచారాన్ని మెమరీలో ఉంచుకుని, రాసేశానని ముందే చెప్పి, తర్వాత తీరిగ్గా డిస్క్ మీద రాస్తుంటుంది. సరుకు గుమ్మంలో దించి రశీదు చించి ఇచ్చేయడం లాంటిది ఇది. సరుకు గోదాములోకి చేరక ముందే కరెంటు తీసేస్తే రశీదు ఉంటుంది, సరుకు ఉండదు. దీనికోసమే చాలా కంట్రోలర్లకు చిన్న బ్యాటరీ ఉంటుంది. కానీ ఆ బ్యాటరీకీ వయసు మీద పడుతుంది. కాబట్టి ముందు వాడుకదారులను బయటకు పంపాలి, తర్వాత ఈ పెట్టె మీద ఆధారపడిన మిగతా కంప్యూటర్లను ఆపాలి, చివరికి స్టోరేజ్ సర్వర్‌ను ఆపాలి. అదీ బటన్ నొక్కిపట్టి కాదు, పద్ధతి ప్రకారం షట్‌డౌన్ ఆదేశం ఇచ్చి. తిరిగి వెలిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు స్టోరేజ్, తర్వాతే మిగతావి.

నడుస్తుండగానే మెమరీ మార్చగలిగే ఏర్పాటు 2000 దశకంలో కొన్ని పెద్ద సర్వర్లలో ఉండేది. మామూలు సర్వర్లలో అలా చేస్తే స్టిక్, బోర్డు రెండూ పోతాయి. రెండు కంట్రోలర్లున్న పెద్ద స్టోరేజ్ పెట్టెల్లో మాత్రం ఒకదాని భారం రెండోదానికి అప్పగించి, మొదటిదాన్ని బయటకు లాగి పని ముగించవచ్చు. అలాంటి చోట కూడా అప్పగింత నిజంగా జరిగిందో లేదో చూశాకే లాగాలి. ఆ కాసేపు పెట్టె ఒంటికాలి మీద నిలబడి ఉంటుందని మరవకూడదు.

బజారులో దొరికేది

బజారులో స్టిక్‌లన్నీ ఒకేలా కనిపిస్తాయి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 తరాల మధ్య గాడి చోటు మారుతుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. కానీ ఒకే తరంలోనూ తేడాలున్నాయి. సర్వర్లలో ఎక్కువగా వాడే రిజిస్టర్డ్ రకాన్నీ, మామూలు కంప్యూటర్లలో వాడే అన్‌బఫర్డ్ రకాన్నీ కలిపి వాడకూడదు. డీడీఆర్4లో రెండూ ఒకే స్లాట్‌లో దిగుతాయి కానీ కలిస్తే సర్వర్ లేవదు. వేగాలు వేరైతే అన్నీ నెమ్మదైన దాని వేగంతోనే నడుస్తాయి. అందుకే పాత స్టిక్ మీది పార్ట్ నంబర్ చూసి అదే తెచ్చుకోవడం, కనీసం సర్వర్ తయారీదారు ఆమోదించిన జాబితాలోంచి ఎంచుకోవడం క్షేమం.

డీడీఆర్5 కొనేవారికి మరో తికమక ఉంది. ఈ తరం చిప్పులన్నింటిలోనూ తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉందని అమ్మకందార్లు చెబుతుంటారు. నిజమే, కానీ అది చిప్పు లోపలి తప్పులకే పరిమితం. చిప్పు నుంచి ప్రాసెసర్ వరకు దారి పొడవునా కాపలా కాసే ఈసీసీ వేరు. సర్వర్‌కు కావలసింది రెండోది.

2025 చివరి నెలల్లో మెమరీ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు చిప్పులను ఎగరేసుకుపోవడమే కారణం. మామూలు వినియోగదారులకు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. ధర పెరిగిన కొద్దీ వాడిన స్టిక్‌లకు, పేరు మార్చిన స్టిక్‌లకు గిరాకీ పెరుగుతుంది. ప్రతి స్టిక్ మీదా దాని తయారీ వివరాలు దాచుకున్న చిన్న చిప్పు ఉంటుంది. సర్వర్ దాన్ని చదివి చూపిస్తుంది. అది చెప్పేదీ పైన అంటించిన కాగితం చెప్పేదీ ఒకటి కాకపోతే ఆ స్టిక్‌ను వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

ఆ రెండు నిమిషాలు

సర్వర్లకు సాధారణంగా రెండు పవర్ తీగలుంటాయి. ఒకటి తీసి రెండోది మరచిపోవడం తరచూ జరిగే పొరబాటు. ఆపేసిన సర్వర్‌లో కూడా తీగ ఉన్నంతసేపు బోర్డు మీద కొంత కరెంటు ఉంటుంది. రెండు తీగలూ తీశాక బోర్డు మీది చిన్న లైటు పూర్తిగా ఆరే వరకు ఆగాలి.

తర్వాతి శత్రువు చేతిలోనే ఉంటుంది. పొడి గాలిలో కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు 35,000 వోల్టుల దాకా వెళ్లగలదు. తేమ ఎక్కువున్నప్పుడు అదే నడక 1,500 వోల్టులు దాటదు. వేలికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. చిప్పు దెబ్బతినడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే చేతికి ఏమీ తెలియకుండానే కొత్త స్టిక్ సగం చచ్చిపోవచ్చు. అప్పటికి పనిచేసి మూడు నెలల తర్వాత మొరాయించవచ్చు. జంషెడ్‌పూర్ శీతాకాలపు పొడిగాలిలో, వేసవి వడగాలుల్లో ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. మణికట్టుకు కట్టుకునే పట్టీని పెట్టె లోపల రంగు వేయని ఇనుముకు తగిలించాలి. చెయ్యీ పెట్టే ఒకే విద్యుత్ స్థాయిలో ఉండేలా చూడటమే దీని పని. కొత్త స్టిక్‌ను చివరి క్షణం వరకు దాని సంచిలోనే ఉంచాలి. తీశాక అంచులు పట్టుకోవాలే తప్ప బంగారు రంగు పళ్లను తాకకూడదు.

కర్మాగారాల పక్కనున్న ఊళ్లలో ఫ్యాన్లు గాలితో పాటు సన్నటి దుమ్మునూ లోపలికి లాగుతాయి. ఆ దుమ్మును పాత స్టిక్ తీయక ముందే శుభ్రం చేయాలి. తీశాక చేస్తే ఖాళీ స్లాట్‌లోకి చేరుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన రిపేరు దుకాణాల్లో ఏళ్లుగా ఉన్న అలవాటు. పాత కంప్యూటర్ దాంతో లేచి కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ రబ్బరు పలుచటి బంగారు పూతను గీకేస్తుంది, స్థిర విద్యుత్తునూ పుట్టిస్తుంది. సర్వర్ దగ్గర ఆ వైద్యం వద్దు.

మిగిలింది నిజంగానే రెండు నిమిషాల పని. రెండు వైపులా క్లిప్పులు వెనక్కి వంచితే పాత స్టిక్ పైకి వస్తుంది. గాడి చూసుకుని కొత్తదాన్ని నిలువుగా పెట్టి రెండు చివరలా సమంగా నొక్కాలి. క్లిప్పులు టక్కుమని వాటంతట అవే మూసుకోవాలి. తీసిన స్టిక్‌కు వెంటనే ‘పాడైనది’ అని చీటీ అంటించాలి. లేకపోతే అది కొత్తదాంతో కలిసిపోయి మరో రోజు మరో సర్వర్‌లోకి చేరుతుంది.

వెలిగాక

తీగలు పెట్టి స్విచ్ వేశాక చాలామందికి గుండె జారే సమయం వస్తుంది. తెర నల్లగా ఉండిపోతుంది. ఫ్యాన్లు హోరుమంటాయి. నిమిషాలు గడుస్తాయి. నిజానికి సర్వర్ కొత్త స్టిక్‌తో పరిచయం పెంచుకుంటోంది. సంకేతాలు ఏ వేగంతో, ఏ ఆలస్యంతో పంపితే సరిగా అందుతాయో కొలుచుకుంటోంది. మెమరీ ఎక్కువున్న సర్వర్లకు దీనికి పది నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. కంగారుపడి మధ్యలో స్విచ్ ఆపడమే ఇక్కడ జరిగే తప్పు.

లేచాక చూడాల్సింది మొత్తం మెమరీ సరిగా కనిపిస్తోందా అని. 256 గిగాబైట్లు ఉండాల్సిన చోట 224 కనిపిస్తే ఏదో ఒక స్టిక్ సరిగా కూర్చోలేదన్న మాట. తర్వాత డేటాను ముట్టుకోక ముందే మెమరీ పరీక్ష నడపాలి. మెమ్‌టెస్ట్86 లాంటి ప్రోగ్రాములు ప్రతి గడిలోనూ రకరకాల అంకెలు రాసి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. పెద్ద సర్వర్‌లో దీనికి రాత్రంతా పడుతుంది. ఈ పనికి భోజన విరామం చాలదని, శనివారం సాయంత్రం మొదలుపెట్టాలని చెప్పడం అందుకే.

పరీక్ష నెగ్గాక డిస్క్‌ల మీదున్న సమాచారాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి సరిచూసే పని అప్పగించాలి. జెడ్ఎఫ్ఎస్‌లో దీన్ని స్క్రబ్ అంటారు. ఇతర వ్యవస్థల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. అయితే తప్పుడు సమాచారానికే ముద్ర పడి ఉంటే స్క్రబ్ కూడా పట్టలేదు. అక్కడ ఆదుకునేది హెచ్చరికకు ముందు దాచిన ఆ పాత ప్రతి. ముఖ్యమైన ఖాతాల మొత్తాలను రెండింటిలోనూ పోల్చి చూస్తే తేడాలు బయటపడతాయి. చివరగా తప్పుల రికార్డును ఖాళీ చేసి కొన్ని వారాల పాటు రోజూ చూడాలి. అది ఖాళీగానే ఉంటే పని పూర్తయినట్టు.

తీసేసిన స్టిక్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. వారంటీ ఉంటే తయారీదారుకు పంపాలి. లేకపోతే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకు అప్పగించాలి.

మరవకూడనివి

• బ్యాకప్‌లోంచి కొన్ని ఫైళ్లు తెరిచి చూడాలి. హెచ్చరిక రాక ముందు నాటి ప్రతిని చెరపకూడదు.
• డిస్క్‌ల ఆరోగ్యం, కంట్రోలర్ బ్యాటరీ, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ ముందే చూసుకోవాలి.
• పెట్టె, స్లాట్, పార్ట్ నంబర్ కాగితం మీద రాసుకుని, ఇద్దరు చదివి సరిచూసుకోవాలి.
• పద్ధతి ప్రకారం ఆపి, రెండు పవర్ తీగలూ తీయాలి.
• మణికట్టు పట్టీ లేకుండా చెయ్యి పెట్టకూడదు.
• రాత్రంతా పరీక్ష నడిచాకే వాడుకదారులను అనుమతించాలి.

కాగితం, కలం

ఇంత తతంగం చిన్న సంస్థలకు సాధ్యమా? పెద్ద డేటా కేంద్రాల్లో ఒక సర్వర్ ఆగితే పక్కది అందుకుంటుంది. అక్కడ స్టిక్ మార్చడం టెక్నీషియన్ల రోజువారీ పని. అంతటి వాళ్లకూ తిప్పలు తప్పవు. దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ఉన్న ప్రభుత్వ డేటా కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న బ్యాటరీలను వేరే చోటికి మార్చే పనిలో ఉండగా మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు పత్రాలు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. దానికి బయట మరో ప్రతి లేదు. ఓ దేశ ప్రభుత్వం దగ్గర లేని జాగ్రత్తను బర్మామైన్స్ రవాణా సంస్థ నుంచి ఆశించడం అత్యాశలా కనిపించవచ్చు. కానీ చిన్న సంస్థకు ఒక వెసులుబాటు ఉంది. దాని సమాచారమంతా అరచేతిలో పట్టే రెండు డిస్క్‌లలోకి ఎక్కుతుంది. ఒకటి ఆఫీసులో, మరొకటి ఇంటి బీరువాలో పెట్టుకోవచ్చు. ఆదివారం మూసి ఉంచితే ఎవరూ అడగరు.

ఈ పని తెలిసిన చేతులకు గిరాకీ పెరుగుతోంది. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో 2022 నవంబరులో ప్రారంభించింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఒకప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఉక్కు పని కోసం జంషెడ్‌పూర్ రైలెక్కినవారి మనవలకు అదే ఉత్తరాంధ్రలో సర్వర్ల మధ్య పని దొరికే రోజు రావచ్చు. అక్కడ వాళ్లను నిలబెట్టేది స్క్రూడ్రైవర్ తిప్పే వేగం కాదు. ఏ తేదీన, ఏ స్లాట్‌లోంచి, ఏ నంబర్ స్టిక్ తీసి ఏది పెట్టారో, పరీక్ష ఎన్ని గంటలు నడిచిందో రిజిస్టర్‌లో రాసిపెట్టే ఓపిక. అట్టబైండు చిట్టా పుస్తకాల కాలం పోయినా, పొద్దున చేసిన పని సాయంత్రానికి రాసిపెట్టుకునే గుమాస్తా అలవాటుకు మాత్రం కాలం చెల్లలేదు.